వడియాల ఎండ

పొద్దున ఐదున్నరకే లేచి, అత్తయ్యా నేనూ డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టాం. ఎండ మొహం మీద పడగానే ఆవిడ నా చేతిలో గరిట లాక్కుని "ఇక దిగమ్మా, మచ్చలు మళ్లీ ముదురుతాయి" అన్నారు. ఒకప్పుడు శనగపిండిలో పసుపు కలిపి గట్టిగా రుద్దుకోమన్న మనిషే. రుద్దినకొద్దీ మంగు నల్లబడుతుందని ఇద్దరం ఆలస్యంగా తెలుసుకున్నాం. మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఇంకో మాటన్నారు. "చిన్నదాని మొహం నిన్న వీడియో కాల్‌లో కందిపోయినట్టు ఎర్రగా ఉంది, చూశావా?"

చూశాను. ఎందుకో కూడా నాకు తెలుసు.

నాకు మంగు బాబు కడుపులో ఉన్నప్పుడు మొదలైంది. కాన్పయ్యాక చాలామందికి తగ్గుతుందట, నాకు తగ్గలేదు. నిమ్మరసం రాస్తే మండింది. తర్వాత మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చిన ఒక ట్యూబు. పదిహేను రోజుల్లో మొహం తేటపడింది. అందరూ ఏం వాడుతున్నావని అడిగేవారే! ఆ సంబరంలో ఆ చిన్నదానికీ, అంటే మా ఆడపడుచుకీ, ఒకటి కొనిచ్చాను. మూడో నెలకల్లా పొయ్యి దగ్గర నిలబడితే చాలు, మొహం భగ్గుమనేది. గడ్డం మీద నూగు, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు. స్కిన్ డాక్టరుగారు ట్యూబు మీది చిన్నక్షరాలు నాచేతే చదివించారు: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్. చివరిది స్టెరాయిడ్. డాక్టరు కనిపెట్టుకుని ఉండగా కొన్ని వారాలు వాడే మందుని నేను స్నోలాగా నెలల తరబడి పూశాను.

ఇప్పుడు నా పని సాదాగా ఉంటుంది. పొద్దున మాయిశ్చరైజర్, ఆపైన రెండు వేళ్ల నిండుగా సన్‌స్క్రీన్. లేతగోధుమ రంగు కలిసినదే కొంటాను. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుగుని కూడా కొంత ఆపుతుంది, మంగుకి ఆ వెలుగూ పడదు మరి. రాత్రికి అజెలాయిక్ యాసిడ్ అనే మచ్చల క్రీము. కొత్తలో చీమలు పాకినట్టు చురచురమనేది.

ఒంటిపూట బడులతోనే అసలు చిక్కు. పన్నెండున్నరకి, సరిగ్గా నడినెత్తి ఎండలో స్కూటీ తీయాలి. పన్నెండుంపావుకి స్టాఫ్‌రూమ్‌లో మళ్లీ సన్‌స్క్రీన్ రాస్తుంటే లెక్కల మేడమ్ "ఏంటి, పెళ్లిచూపులా?" అంది. రోజూ అదే జోకు. చున్నీ చుట్టుకుని, పైన హెల్మెట్ పెట్టి, చెమటలో ఈదుకుంటూ ఇంటికొచ్చాను.

అన్నం తిన్నాక ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"ఆ ట్యూబు ఇంకా రాస్తున్నావా?"

"మానేస్తే మంట, దద్దుర్లు వదినా. అందుకే మానట్లేదు."

ఒక్క నిమిషం నోరు పెగల్లేదు. ఇచ్చింది నేనే, నాది ఆపేశాక కూడా నీకు చెప్పలేదు, తప్పయిందన్నాను. ఉన్నట్టుండి సొంతంగా ఆపొద్దు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్తారు, సోమవారం బయల్దేరి రా అన్నాను. అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు.

"సరే, వస్తాలే. వడియాలు పెట్టారటగా, నా వాటా తీసిపెట్టు" అంది.

సాయంత్రం డాబా ఎక్కి చూశాను. అంచులు లేచాయిగానీ మధ్యలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. సోమవారానికి ఎండుతాయి.