అది ఊపిరి కాదు

ఆ ఉదయం నాకు గుర్తున్నది కాళీమాత గుడి ముందు ఆగి దణ్ణం పెట్టుకోవడం వరకే. మిగతాదంతా మా ఆవిడ చెప్పిందే.

మా విశాఖలో పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు కదా, రోజూ సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచి వచ్చేవాళ్లం. ఆ రోజు మాట్లాడుతూ మాట్లాడుతూనే కూలిపోయానట. జనం మూగారు. ఫిట్స్ అనుకొని ఎవరో నా చేతిలో తాళాలు పెట్టారు. ఇంకొకరు నోట్లో నీళ్లు పోయబోయారు. నేనేమో ఉండి ఉండి గురక పెట్టినట్టు గాలి లాగుతున్నానట. "ఊపిరి ఉందమ్మా, భయం లేదు" అన్నారు. మా ఆవిడా నమ్మింది.

ఇంతలో నర్సింగ్ చదివే ఒక అమ్మాయి జనాన్ని తోసుకొని వచ్చింది. భుజాలు తట్టి గట్టిగా పిలిచింది. నేను పలకలేదు. "ఆంటీ, అది ఊపిరి కాదు. గుండె ఆగింది. 108కి ఫోన్ చెయ్యండి!" అంటూనే రొమ్ము నడిమధ్య ఎముక మీద అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిస్తూ. రెండు నిమిషాలకే ఎవరి చేతులైనా పడిపోతాయి. వాకింగ్‌కి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకి అక్కడికక్కడే చూపించి వంతులేసుకుంది. అంబులెన్స్ వాళ్లు వచ్చి షాక్ ఇచ్చేదాకా నొక్కుతూనే ఉన్నారు.

నాకు గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోయింది, అది హార్ట్ ఎటాక్. దానివల్ల గుండెలో కరెంటు గాడి తప్పి, కొట్టుకోవాల్సిన గుండె ఊరికే వణుకుతూ ఉండిపోయింది, అది కార్డియాక్ అరెస్ట్. అప్పుడు మెదడుకి రక్తం వెళ్లదు. నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుందని డాక్టరుగారు చెప్పారు. బయటికి గురకలా వినిపించిందే ఆపదకి గుర్తట. ఆ మాట విన్నాక మా ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఆవిడ తప్పేముంది? మూడు రోజులుగా ఎడమ భుజం లాగుతుంటే గ్యాస్ అని మాత్రలు మింగి, ఇంట్లో చెప్పకుండా తిరిగినవాణ్ణి నేను.

స్టెంట్ వేశారు. నొక్కినప్పుడు రెండు పక్కటెముకలు విరిగాయి, నెలన్నర దాకా దగ్గితే కళ్లలో నీళ్లు తిరిగేవి. కొన్నాళ్లు అడిగిందే మళ్లీ అడిగేవాణ్ణి. ఇప్పుడు నయం. మళ్లీ సబ్‌మెరైన్ దాకా నడుస్తున్నాను.

రాత్రిపూట నేను గురక పెడితే మాత్రం మా ఆవిడ లేచి కూర్చుంటుంది. "ఏవండీ" అని భుజం తడుతుంది. "ఊఁ" అన్నాకే పడుకుంటుంది.