మూట కట్టేటప్పుడే మొదలయ్యే నడక: నల్లమల దారిలో శ్రీశైలానికి

ఆత్మకూరు దాటి వెంకటాపురం చేరాక, అడవి దారి మొదలయ్యే చోట మేమందరం ఒక పని చేస్తాం. భుజాన ఉన్న మూటల్ని కింద దించి, ఒకరి మూట ఒకరం ఎత్తి చూస్తాం. పక్కవాడి మూట ఎత్తగానే "ఇందులో ఏం పెట్టావయ్యా?" అనిపిస్తే, దాన్ని అక్కడే విప్పి తగ్గించాలి. ముందుకు వెళ్లాక తగ్గించే వీలుండదు. నల్లమలలో వస్తువు పారేస్తే అడవిని పాడుచేసినట్టే, మోస్తే మోకాళ్లు పాడవుతాయి.

దారి ఇది: వెంకటాపురం, నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, అక్కడి నుంచి శ్రీశైలం. అంతా కలిపి 40 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కొండమెట్లు కట్టించింది అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి అని చెబుతారు. ఇదంతా నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. మహాశివరాత్రికీ, కన్నడ భక్తులు కాలినడకన వచ్చే ఉగాదికీ కొన్ని రోజులు మాత్రమే అడవిశాఖ ఈ దారి వదులుతుంది. ఏ రోజు వదులుతారో, ఏ వేళకు ఆపేస్తారో ఆ ఏడు చెప్పిందే లెక్క, పోయినేటి మాట పనికిరాదు.

నడక రెండు రోజులే. దానికి తయారయ్యేది మాత్రం మండలం, అంటే 41 రోజులు. తీరిక లేనివాళ్లు అర్ధమండలం, 21 రోజులు దీక్ష పడతారు. ఒకే రంగు బట్టలు, తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ల స్నానం, ఒకపూట భోజనం, చాప మీద నిద్ర. వీటిని కష్టాలుగా చూసేవాళ్లకు దీక్ష బరువవుతుంది. నాకు కనిపించేది వేరు. ఏం కట్టుకోవాలి, ఏం తినాలి, రాత్రి ఎంతసేపు మేలుకోవాలి అనే చిన్న చిన్న తేల్చుకోవడాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఉద్యోగం చేసుకుంటూ దీక్షలో ఉన్నవాళ్లకు ఈ తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. పొద్దున పది గంటలకు ఆఫీసులో కూర్చునేసరికి బుర్ర అలిసిపోయి ఉండదు.

ఆ 41 రోజుల్లో కాళ్లకు కూడా పని చెప్పాలి. చెప్పుల్లేకుండా నడవాలనుకునేవాళ్లు మొదటి వారం మేడ మీద పావుగంట, తర్వాత మట్టిదారిలో అరగంట, చివరి రెండు వారాల్లో కంకర ఉన్న చోట గంట నడవాలి. మెట్లు ఎక్కడం అందరూ సాధన చేస్తారు, దిగడం ఎవరూ చేయరు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, రెండో రోజు లేవలేకుండా చేసే నొప్పి అక్కడిదే. అపార్ట్‌మెంట్ మెట్లే చాలు. లిఫ్టులో పైకి వెళ్లి, నడిచి కిందికి దిగండి, రోజుకు ఇరవై నిమిషాలు.

బయల్దేరే ముందు ఆఫీసు పని ఒకటి ఉంది. దీన్ని వదిలేసి వచ్చినవాళ్ల మనసు నాగలూటి దాకా ఫోన్ మీదే ఉంటుంది. సెలవుకు వారం ముందు ఒక కాగితం మీద, నేను లేకపోతే నిజంగా ఆగిపోయే పనులేవో రాయాలి. పదిహేను రాస్తారు. ఒక్కోదాని పక్కన, రెండు రోజులు ఆగితే నష్టపోయేదెవరో పేరు రాయండి. పేరు దొరకని పనులు కొట్టేస్తే మూడో నాలుగో మిగులుతాయి. వాటిని ఎవరికి అప్పజెప్పారో వాళ్లకు నోటిమాటగా కాదు, రాతలో ఇవ్వాలి. అడవిలో చాలా దూరం సిగ్నల్ అందదు కాబట్టి "ఏదైనా ఉంటే ఫోన్ చెయ్" అనే మాటకు అర్థం లేదు.

ఇక మూట. నీళ్లతో కలిపి అయిదు కిలోలు దాటకూడదు. రెండు లీటర్ల నీళ్లకే రెండు కిలోలు పోతాయి. మిగిలిన మూడింటిలో ఒక దుప్పటి, ఒక జత బట్టలు, తువ్వాలు, తలకు పెట్టుకునే లైటు, అరకిలో అటుకులు, పావుకిలో వేయించిన శనగలు, బెల్లం ముక్క, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, కాళ్లకు టేపు, కొబ్బరినూనె, రోజూ వేసుకునే మందులు. లైటు మరిచిపోవద్దు. శివరాత్రి బహుళ చతుర్దశి, ఆ చుట్టుపక్కల రాత్రుల్లో వెన్నెల ఉండదు. పెచ్చెరువులోనూ, భీముని కొలను దగ్గరా, కైలాసద్వారం దగ్గరా దేవస్థానం, దాతలు నీళ్లు, అన్నం ఏర్పాటు చేస్తారు. అలాగని ఖాళీ సీసాతో నడవకూడదు. జనం ఎక్కువైతే ట్యాంకు మధ్యాహ్నానికే అడుగంటుతుంది. నీళ్లు కనిపించిన ప్రతిచోటా, సగం ఉన్నా సరే, నింపుకోవాలి. వట్టి నీళ్లే కడుపునిండా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలతిప్పుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. పావుగంటకోసారి రెండు గుక్కలు, రెండు మూడు గంటలకోసారి ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగాలి.

నడక వేగానికి మా దగ్గర ఉన్న కొలత పంచాక్షరి. "ఓం నమః శివాయ" అని మామూలు గొంతుతో, ఆయాసం లేకుండా అనగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో ఊపిరి తెగితే తగ్గించాలి. మొదటి రోజు పొద్దున అందరూ కుర్రాళ్లలా ఉరుకుతారు. వాళ్లలో చాలామంది మెట్ల దగ్గర కూర్చుని కనిపిస్తారు. నామం రోజంతా సాగేవాడే చీకటి పడకముందు పెచ్చెరువు చేరతాడు. చీకటి పడ్డాక నడవొద్దు. అది పులి, ఎలుగు తిరిగే అడవి. ఎండాకు అడుగు మందాన పరుచుకుని ఉండే కాలం కూడా, బీడీ నిప్పు ఒక్కటి చాలు కొండ తగలబడటానికి. హారతి కర్పూరం కూడా ఈ దారిలో వెలిగించకుండా ఉండటమే భక్తి అని నేననుకుంటాను.

బొబ్బ ఒక్కసారిగా లేవదు. ముందు మడమ మీదో, బొటనవేలి కిందో ఒక చోట చురుక్కుమని వేడి తగులుతుంది. ఆగాల్సింది అప్పుడే. తుడిచి, ఆరనిచ్చి, ముడత లేకుండా టేపు అతికిస్తే అయిదు నిమిషాల పని. "వచ్చే మజిలీలో చూద్దాం" అనుకుంటే రెండు రోజుల బాధ. వాగు కనిపించగానే కాళ్లు నీళ్లలో పెట్టాలనిపిస్తుంది, పెట్టండి, కానీ పూర్తిగా ఆరేదాకా లేవకండి. నానిన చర్మం రాళ్ల మీద పొరలుగా ఊడొస్తుంది. లేచిన బొబ్బను చిదపొద్దు. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి, లేకపోతే దిగుడులో బూటు ముందుకు తగిలి గోరు నల్లబడుతుంది.

ఆ దిగుడు భీముని కొలనుది. మఠంబావి దాటాక దారి ఒక లోయలోకి దిగిపోతుంది. మెట్లన్న పేరే గానీ ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు, కొన్ని బండలు కదులుతాయి. ఛాతీ ఎత్తు వెదురుకర్ర ముందు మెట్టు మీద ఆనించి, ఒంటిని కాస్త పక్కకు తిప్పి, ఒక్కో కాలే దించాలి. లోయ అడుగున నిలబడి తలెత్తితే ఎదురుగా కైలాసద్వారం కొండ గోడలా నిలబడి ఉంటుంది. దాన్ని అలా చూస్తూ ఎక్కేవాళ్లకు కాళ్లు ముందే చచ్చుబడతాయి. మేము చూపు ముందున్న మూడు మెట్లకే కట్టేస్తాం. యాభై మెట్లకోసారి నిలబడి, కూర్చోకుండా, పది ఊపిర్లు తీసి మళ్లీ కదులుతాం. కూర్చుంటే కండరాలు బిగుస్తాయి. వెనక్కి చూడటం మాత్రం మానకండి. దిగివచ్చిన కొండ ఆ ఎత్తు నుంచి ఎంత చిన్నదిగా కనిపిస్తుందో, కిందున్నప్పుడు ఎవరు చెప్పినా నమ్మలేం.

శ్రీశైలం చేరాక చాలామంది దర్శనం చేసుకుని బస్సెక్కేస్తారు. కాళ్లు ఎంత వాచినా సరే, శివరాత్రి రాత్రి పాగాలంకరణ దాకా ఉండండి. చీరాల ప్రాంతపు నేతన్న రోజుకో మూర చొప్పున ఏడాది పొడుగునా, 365 రోజులు నేసిన బట్ట అది. లింగోద్భవ కాలానికి గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ నేతన్న దిగంబరుడై, ఆ చీకట్లో గర్భాలయ విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా కలుపుతూ పాగా చుడతాడు. అంతమంది జనంలో ఆయన ఎవరికీ కనిపించడు. దీపాలు వెలిగాక పైకి చూస్తే శిఖరం చుట్టూ తెల్లటి పాగా ఉంటుంది.