ఆ మీథేన్ బొగ్గుదా, ఇనుముదా?

బొగ్గు మీద బతికే సూక్ష్మజీవులకు లోహపు నానో కణాలు (మీటరులో వందకోట్లవ వంతుల్లో కొలిచే అతి చిన్న రేణువులు) అందిస్తే మీథేన్ ఎక్కువగా వస్తుందని చెప్పే ప్రయోగాలను చదివేటప్పుడు నేను ముందుగా వెతికేది, పోలిక కోసం పక్కన ఏయే సీసాలు పెట్టారన్నది. ఆ సీసాలు సరిగా లేకపోతే, గ్రాఫులో గీత ఎంత నిటారుగా లేచినా అది బొగ్గు గురించి మనకు చెప్పేది చాలా తక్కువ.

బొగ్గు నుంచి మీథేన్ రావడం సాధారణంగా ఒక్క జీవి పని కాదు. గాలి సోకని చోట కొన్ని బాక్టీరియాలు బొగ్గులోని పెద్ద అణువులను ముక్కలు చేస్తాయి. మరికొన్ని ఆ ముక్కలను పులియబెట్టి అసిటేట్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లుగా మారుస్తాయి. చివరకు మీథనోజెన్లు అనే ఆర్కియా (బాక్టీరియాకు భిన్నమైన ఏకకణ జీవులు) వాటి నుంచి మీథేన్ తయారు చేస్తాయి. బొగ్గులోని మిథాక్సీ సమ్మేళనాల (ఆక్సిజన్‌కు అంటిన మిథైల్ సమూహం ఉన్నవాటి) నుంచి నేరుగా మీథేన్ చేయగల ఆర్కియా ఉందని 2016లో తెలిసింది; అది ఈ వరుసకు ఒక ముఖ్యమైన మినహాయింపు.

ఈ చివరి మెట్టు మీద ఉన్న జీవులకు లోహాలు నిజంగానే అవసరం. మీథేన్‌ను విడుదల చేసే ఎంజైముకు తోడుండే ఎఫ్-430 అనే సహకారకం మధ్యలో నికెల్ పరమాణువు ఉంటుంది. మిథైల్ సమూహాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి మోసే అణువుల్లో కోబాల్ట్ ఉంటుంది. ఎలక్ట్రాన్లను అందించే ప్రోటీన్లలో ఇనుము, గంధకం కలిసి ఉంటాయి. నానో కణాల వల్ల మరో ప్రయోజనం కూడా సాధ్యమే. విద్యుత్తును ప్రవహింపజేసే మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ కణాలు బాక్టీరియాకు, మీథనోజెన్‌కు మధ్య వంతెనలా నిలిచి, హైడ్రోజన్ ప్రమేయం లేకుండానే ఎలక్ట్రాన్లు నేరుగా చేరేలా చేయగలవు. పైగా కణం చిన్నదయ్యేకొద్దీ ఉపరితలం అపారంగా పెరుగుతుంది: 1 సెంటీమీటరు ఘనాన్ని 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది.

అయితే లోహరూపంలోని ఇనుము విషయంలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అది నీటితో చర్య జరిపి హైడ్రోజన్‌ను ఇస్తుంది. ఆ హైడ్రోజన్‌ను మీథనోజెన్లు కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేస్తాయి. నాలుగు ఇనుప పరమాణువులకు ఒక మీథేన్ అణువు చొప్పున లెక్క వేస్తే, గ్రాము ఇనుము నుంచి ప్రమాణ పరిస్థితుల్లో దాదాపు 100 మిల్లీలీటర్ల మీథేన్ రావచ్చు. గ్రాము బొగ్గు నెలల తరబడి ఇచ్చేది తరచూ కొద్ది మిల్లీలీటర్లకు మించదు. కాబట్టి కాస్త ఇనుప పొడి కూడా ఫలితాన్ని తారుమారు చేయగలదు.

అందుకే బొగ్గు లేకుండా నానో కణాలు, సూక్ష్మజీవులు మాత్రమే ఉన్న సీసా తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను. అదే మోతాదు లోహాన్ని కరిగే లవణంగా కలిపిన సీసా కూడా ఉండాలి. అది లేనిదే మేలు చేసింది లోహమా, కణం పరిమాణమా అన్నది తేలదు. మోతాదు పెరిగితే ఇవే నానో కణాలు సూక్ష్మజీవుల కణత్వచాన్ని దెబ్బతీయగలవు కనుక, ఒకే మోతాదుతో ముగించిన ప్రయోగం కూడా నాకు అసంపూర్ణంగానే తోస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, బొగ్గు విషయంలో చాలాసార్లు అన్నిటికన్నా నెమ్మదిగా సాగేది మొదటి మెట్టు, అంటే ఆ గట్టి అణువులు విరగడం. చివరి మెట్టును ఎంత వేగవంతం చేసినా పైనుంచి ఆహారం రాకపోతే మీథనోజెన్లు చేయగలిగేదేమీ లేదు. ఇక భూగర్భంలోని బొగ్గు పొరల్లోకి పంపితే ఈ నానో కణాలు ఒకదానికొకటి అంటుకొని ముద్దకడతాయి, పగుళ్ల గోడలకు పట్టేస్తాయి, సల్ఫైడ్ తగిలిన చోట వాటి ఉపరితలం ఐరన్ సల్ఫైడ్‌గా మారిపోతుంది. కనుక మెత్తగా పొడి చేసిన బొగ్గుతో కాక, పగుళ్లున్న బొగ్గు దిమ్మెలోకి ఆ బొగ్గు పొర నుంచే తీసిన నీటితో కణాలను పంపి, అవి ఎంత దూరం చేరాయో కొలిచే ప్రయోగాల కోసమే నేనిప్పుడు ఎక్కువగా వెతుకుతున్నాను.