మైపాడు దారిలో కాగితపు నక్షత్రాలు

పినాకిని ఎక్స్‌ప్రెస్ కావలి దాటిందంటే కిటికీకి రెండు వైపులా నీళ్లే. కృష్ణా, గోదావరి జిల్లాల్లో వరి కోతలై కుప్పలు పడే డిసెంబరులో ఇక్కడ నాట్లు వేస్తుంటారు. నెల్లూరు జిల్లాకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడైనా ముసురు పట్టవచ్చు. కాగితంతో పని పెట్టుకుని వచ్చేవాళ్లకు ఇంతకన్నా చెడ్డ కాలం ఉండదు. పెన్న వంతెన మీద పెట్టెలోని వాళ్లందరూ రంగనాయకుల గుడి గోపురం కోసం చూస్తుంటే నేను తూర్పున పట్టిన మబ్బునే చూస్తూ కూర్చున్నాను.

నన్ను రమ్మన్నది ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్న స్నేహితురాలు. ఆమె పుట్టిల్లు మైపాడు దారిలో ఒక చిన్న ఊరు. క్రిస్మస్‌కు ముందు రోజు రాత్రి పాటలు పాడుతూ ఊరంతా తిరిగే ఊరేగింపుకు ఈసారి దీపాలన్నీ చేత్తోనే చేయాలని పట్టుబట్టింది. ఈ పట్టుదల ఆమెకు అల్వర్‌స్టన్ నుంచి వచ్చింది. అది ఉత్తర ఇంగ్లండులో కంబ్రియా ప్రాంతపు చిన్న పట్టణం. పాత సినిమాల హాస్య జంట లారెల్, హార్డీలలో సన్నగా ఉండే స్టాన్ లారెల్ 1890లో పుట్టింది అక్కడే. వెల్ఫేర్ స్టేట్ ఇంటర్నేషనల్ అనే కళాకారుల బృందం 1983లో ఆ ఊళ్లో లాంతర్ల ఊరేగింపు మొదలుపెట్టింది. సెప్టెంబరులో ఒక రాత్రి జనం తాము చేసుకున్న లాంతర్లతో ఊరి నాలుగు వైపుల నుంచీ బయలుదేరి ఒక్కచోట కలుస్తారు. బృందం 2006లో తన పని ముగించుకుంది, ఊరు మాత్రం ఊరేగింపు మానలేదు.

అక్కడ లాంతరు చట్రం కట్టేది విల్లో రెమ్మలతో. క్రికెట్ బ్యాటు చేసే చెట్టు కుటుంబమే ఇది. బ్యాటుకైతే మాను కావాలి. లాంతరుకూ బుట్టకూ ఒక్క ఏడాది పెరిగిన సన్నని రెమ్మలు చాలు. చెట్టును మొదలు దగ్గర నరికేస్తే ఏటా కొత్త రెమ్మలు నిటారుగా లేస్తాయి. ఆకు రాలిన చలికాలంలో వాటిని కోసి కట్టలు కట్టి ఎండబెడతారు. తొక్కతో ఎండిన రెమ్మను వాడేముందు అడుగు పొడవుకు ఒక రోజు లెక్కన నీళ్లలో నానబెట్టాలి. అలా నానిన రెమ్మ ఎటు వంచితే అటు వంగుతుంది. చేప, ఇల్లు, ఏనుగు, ఏ ఆకారమైనా కట్టుకోవచ్చు. కీళ్ల దగ్గర కాగితపు టేపు చుట్టి, పైన తెల్లని టిష్యూ కాగితం పరిచి, నీళ్లు కలిపిన తెల్ల జిగురును కుంచెతో పూస్తారు. ఆ కాగితం తడిసినా చిరగకుండా ప్రత్యేకంగా తయారుచేసింది. ఆరాక తప్పెట మీది తోలులా బిగుసుకుంటుంది.

స్నేహితురాలి సూట్‌కేసులో ఆ కాగితం చుట్ట వచ్చింది, విల్లో రాలేదు. "చెట్టు కొమ్మలు మోపు కట్టుకుని విమానం ఎక్కుతానంటే ఎక్కనిస్తారా?" అంది.

నెల్లూరులో కారం దోసె తిని మైపాడు బస్సెక్కాను. పాతిక కిలోమీటర్ల దారి. ముందు వరిమళ్లు, తర్వాత రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు. నేను వెళ్లేసరికి చర్చి ఆవరణలో వేపచెట్టు కింద పచ్చి వెదుళ్లు, పురికొస ఉండలు, ఒక కత్తి, వాటి మధ్య ఒక పెద్దాయన. మేదర పనిలో పండిన మనిషి. చేటలు, గంపలు, కోళ్ల గూళ్లు అల్లడం ఆయన వృత్తి. పిల్లలంతా తాతా అంటుంటే నేనూ అలాగే పిలిచాను. స్నేహితురాలు అల్వర్‌స్టన్ వీడియో చూపించింది. ఆయన మొదటి నుంచి చివరి దాకా చూసి ఫోను తిరిగి ఇచ్చేశారు.

"అది కొమ్మ తల్లీ, గుండ్రంగా ఉంది. ఎటైనా వంగుతుంది. వెదురు బద్దకు రెండే వైపులు. పక్కకు వంచావంటే చీలిపోతుంది."

వెదురు చీల్చడం నేను అంత దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. కత్తిని సన్నని కొన దగ్గర ఆనించి ఒక్క దెబ్బ. తర్వాత కొట్టడమే లేదు, కత్తిని అటూ ఇటూ తిప్పుతూ ముందుకు నడిపిస్తే చీలిక దానంతటదే వస్తుంది. కణుపు దగ్గర మాత్రం మళ్లీ దెబ్బ పడాలి. ఎప్పుడూ సగానికి సగం చీల్చాలి, అంచున సన్నగా తీయబోతే చీలిక పక్కకు పోతుంది. లోపలి మెత్తని భాగాన్ని గీకి పారేస్తారు. బలమంతా పై పెచ్చులోనే ఉంటుంది. వంపు కావాల్సిన చోట బొగ్గుల మీద కాస్త కాచి, పెచ్చు బయటి వైపు ఉండేలా వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ఆ పట్టుకునే పని నాకు అప్పగించారు. అరచేతులు కమిలాయి కానీ పని నచ్చింది.

నక్షత్రం తాతకు కొత్త కాదు. ఒకే కొలత బద్దలు పది. ఐదింటితో ఒక నక్షత్రం, మరో ఐదింటితో ఇంకొకటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ పురికొసతో కట్టేస్తారు. అప్పటికి అది చదునుగానే ఉంటుంది. బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా రెండు చట్రాల మధ్య బెత్తెడు పుల్లలు నిలబెడితే కడుపు ఉబుకుతుంది. నాలుగు పుల్లల దాకా సులువే. ఐదోదానికి వచ్చేసరికి చట్రమంతా బిగిసిపోయి చోటివ్వదు. దాన్ని మోకాలితో అదిమి లాఘవంగా దూర్చడం చూశాక, చూసి నేర్చుకునే పని కాదిది అనిపించింది.

స్నేహితురాలికి మాత్రం చేప కావాలి. అదీ పొట్ట గుండ్రంగా ఉండాలి. తాత కాసేపు ఆలోచించి, గంపలకు అంచు కట్టినట్టే వెదురు చక్రాలు చుట్టారు. చిన్నది, పెద్దది, మళ్లీ చిన్నది. వాటి చుట్టూ పొడవాటి బద్దలు కట్టి, ముందువి మూతి దగ్గర, వెనకవి తోక దగ్గర కూడదీశారు. చూస్తున్న పిల్లల్లో జాలర్లుండే పట్టపుపాలెం నుంచి వచ్చిన ఒకడు పకపకా నవ్వాడు. "తాతా, ఇది చేపలు పట్టే బుట్ట!" నిజమే. అడ్డంగా పడుకోబెట్టి తోక తగిలిస్తే చేపను పట్టే బుట్టే చేప అయింది. విల్లో లేనందుకు స్నేహితురాలికి మిగిలిన దిగులు అక్కడితో పోయింది. నా మటుకు నాకు ఆమె వీడియోలో చూసిన చేపలన్నిటికన్నా ఇదే బాగుంది.

ఇంగ్లండు కాగితం చేపకూ రెండు మూడు పడవ లాంతర్లకూ సరిపోయింది. మిగతావాటికి నెల్లూరు బజారులో కొన్న గాలిపటాల కాగితమే. తెల్ల జిగురు అన్నిటికీ కొనాలంటే ఖర్చు. చర్చి పాస్టరు అయ్యగారి భార్య మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపారు. అది విషం కనుక ఆ గిన్నెను వంటింటి ఛాయలకు రానివ్వలేదు. పిల్లలను దానికి దూరంగా ఉంచడం లాంతరు కట్టడం కన్నా పెద్ద పనయింది. ఇంగ్లండు కాగితానికి పైనంతా జిగురు పూయవచ్చు. రంగు కాగితానికి అలా పూస్తే రంగు వదులుతుంది, చిరుగుతుంది కూడా. బద్దల మీద మాత్రమే జిగురు రాసి, కాగితం పరిచి, అంచులకు గాట్లు పెట్టి లోపలికి మడవాలి. దీపం పెట్టడానికి అడుగున ఒక కన్ను వదిలేయాలి.

మధ్యాహ్నం అనుకున్నట్టే జల్లు పడింది. అందరం లాంతర్లెత్తుకుని చర్చిలోకి పరుగు తీశాం. ఒక్క చుక్క తగలకపోయినా గాలిలో తేమకే రంగు కాగితం వదులై వేలాడింది. ఫ్యాన్లు వేసి, బల్లల మీద పరిచి, ఎదురు చూడటం తప్ప చేసేదేమీ లేదు.

ఆ ఖాళీ సమయంలోనే సంఘ పెద్ద ఒకాయన, ఊరేగింపులో ఏది వెనక నడిచినా ముందు నడవాల్సింది నక్షత్రమేనని తేల్చి చెప్పారు. బేత్లెహేము సంగతి అందరికీ తెలిసిందే. ఆయన చెప్పింది నెల్లూరు సంగతి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చారు. ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య పెరగలేదు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో మిషను పెద్దలు సమావేశమై, ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని చర్చించారు. గోడ మీది పటంలో మిషను కేంద్రాలకు నక్షత్రాలు గుర్తుగా పెట్టారు. నెల్లూరుది విడిగా ఒక్కటే. మూయవద్దన్న పక్షమే గెలిచింది. అప్పటి నుంచి దీనికి లోన్ స్టార్ మిషన్, అంటే ఒంటరి నక్షత్రపు మిషను అన్న పేరు నిలిచింది. పాతికేళ్లకు, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన అంకెలన్నీ తడుముకోకుండా చెప్పారు. ఆ తర్వాత చేపను ముందు నడిపిద్దామన్న మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రానికి ఆకాశం తెరిపిచ్చింది, కాగితాలు మళ్లీ బిగిశాయి. కొవ్వొత్తులు పెడదామని స్నేహితురాలు అడిగింది. వీధి పొడవునా గడ్డివాములు, రెండు మూడు తాటాకు చూర్లు. పెద్దలు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సబబు. బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ బల్బులు తెచ్చారు. ఆ తెలుపు ఆసుపత్రి వరండాను గుర్తుకు తెస్తుంటే, తాత మనవడు బల్బుకు పసుపు రంగు గాలిపటం కాగితం చుట్టి చూపించాడు. అందరం అదే చేశాం.

వీధి దీపాల దగ్గర ఇంకో పేచీ. అవి వెలుగుతుంటే లాంతర్లు చేసిన శ్రమ వృథా అని స్నేహితురాలు, చీకట్లో పాములు, మురుగు కాలువ అని ఊరివాళ్లు. చివరికి చర్చి నుంచి రామాలయం దాకా ఒక్క వీధిలో మాత్రం ఆర్పడానికి ఒప్పందం కుదిరింది. ఆ ఒక్క వీధి చాలు. దీపాలు ఆరగానే అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న జనం ఒక్కసారి ఓహో అన్నారు. గడకర్ర మీద నక్షత్రం, దాని వెనక చేప, పడవలు, పిల్లల చేతుల్లో చిన్న చిన్న చుక్కలు. నడిచే మనిషి అడుగును బట్టి ఒక్కో లాంతరు ఒక్కోలా ఊగుతుంది. దుకాణంలో కొన్న ప్లాస్టిక్ నక్షత్రంలో ఆ ఊపు ఉండదు. తెల్ల కాగితంలో వెలుగు సమంగా పరచుకుంది. రంగు కాగితం మచ్చలు మచ్చలుగా వెలిగింది, అయినా పిల్లల ఓటు దానికే. దర్జీ సాయిబు గారి ఇద్దరు పిల్లలు పడవ పట్టుకుంటామని ముందే మాట తీసుకున్నారు. వీధికి అడ్డంగా కరెంటు తీగ వచ్చినచోటల్లా గడకర్ర పట్టినవాడు నక్షత్రాన్ని దించి, దాటించి, మళ్లీ ఎత్తేవాడు. దానితో పాట కూడా ఆగి అందుకునేది. ప్రతి ఇంటి ముందూ ఒక కీర్తన, కంజిర, తాళాలు, ఆ పైన అరిసెలో టీయో. సగం ఊరు తిరిగేసరికి అరిసె ఇస్తామంటే చేతులు జోడించే స్థితికి వచ్చాను.

మర్నాడు ఆరాధన అయ్యాక లాంతర్ల పంపకం జరిగింది. నక్షత్రం చర్చి వసారాలో వేలాడదీశారు. చేపను పాలెం పిల్లలు ఎత్తుకుపోయారు. బస్సుకు వెళ్లే ముందు తాతకు చెప్పి వద్దామని వేపచెట్టు దగ్గరికి వెళితే, ఆయన మిగిలిన బద్దలను వరసగా పేర్చి అల్లిక మొదలుపెట్టి ఉన్నారు.

"వచ్చే ఏడు ఏనుగు చేద్దామంటోంది మీ స్నేహితురాలు. తొండం ఎలాగో ఆమెనే కనుక్కోమనండి. నాకు ముందు సంక్రాంతి లోపల ఈ కోళ్ల గంపలు ఇవ్వాలి" అన్నారు.