ఆ ఆఫర్ లెటర్ ప్రింట్ తీసింది నేనే

జగిత్యాల బస్టాండు దగ్గర నాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. ప్రింట్లు తీస్తాను, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపుతాను. ఎవరైనా నోట్లు తెచ్చిస్తే నా ఫోన్‌పే నుంచి వాళ్లు చెప్పిన నంబర్‌కు కొడతాను. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు ఇదో సాయం అనుకునేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఒకామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లాడు డిగ్రీ అయి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. "మా పోరనికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుల నౌకరొచ్చింది బిడ్డా, కలర్ల తియ్యి" అంది. తీశాను. గ్రౌండ్ స్టాఫ్, నెలకు 28,500. పైన ఒక విమాన కంపెనీ లోగో, దాని పక్కనే మూడు సింహాల గుర్తు, కింద నీలం రంగు గుండ్రటి స్టాంపు. ప్రైవేటు కంపెనీ లెటర్ మీద సర్కారు సింహాలెందుకు? ఈ ప్రశ్న ఇప్పుడొస్తోంది నాకు. అప్పుడు మాత్రం పది రూపాయలు తీసుకుని "కంగ్రాట్స్ తమ్ముడూ" అన్నాను.

రెండు రోజులకు ఆమె ఒక్కతే వచ్చింది. యూనిఫాం, ట్రైనింగ్ డిపాజిట్ 12,500 కట్టాలట, జాయినయ్యాక తిరిగిస్తారట. కొంగుముడి విప్పి నోట్లు బల్ల మీద పెట్టింది. బీడీలు చుట్టిన పైసలు. నంబర్ కొట్టగానే స్క్రీన్ మీద పేరు పడింది. కంపెనీ పేరు కాదు, ఎవరో మనిషి పేరు. నా వేలు ఆగింది కూడా. హెచ్ఆర్ అయ్యుంటాడులే అనుకుని పిన్ కొట్టేశాను.

మరునాడు పొద్దున మెడికల్ టెస్టుకని ఇంకో 18,000 అడిగేసరికి పిల్లాడికి అనుమానమొచ్చి షాపుకు పరుగెత్తుకొచ్చాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. డబ్బు నా ఖాతా నుంచి పోయింది కాబట్టి ఫిర్యాదు నేనే ఇచ్చాను. ఏ బ్యాంకు, ఎన్ని గంటలకు పంపారు, ఆ పేమెంటుకు పడిన పన్నెండంకెల యూటీఆర్ నంబర్ ఎంత, అన్నీ అడిగారు. డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోకముందే చెబితే బ్యాంకులో ఆపించే వీలుంటుంది. మాకు ఒక రాత్రి గడిచిపోయింది. పైసా రాలేదు.

"నువ్వన్నా జెప్పొద్దా బిడ్డా" అందామె. అంతే, ఇంకేమీ అనలేదు.

అప్పటినుంచి స్క్రీన్ మీద పడిన పేరు పైకి చదివి వినిపించాకే పంపుతున్నాను. కొందరు విసుక్కుంటారు.

మొన్న ఒకాయన దుబాయ్ కాగితాలు తెచ్చాడు. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు, విజిట్ వీసా. "ఆడికి పోయినంక వర్క్ వీసా జేస్తడట" అన్నాడు. విజిట్ వీసా మీద పోయేవాళ్లను ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే బయటి దేశంలో పనికి పోవడానికి సర్కారు ఇచ్చే అనుమతి, అడగరు, ఇలాంటి ఏజెంట్లకు కావాల్సిందీ అదే. లైసెన్సున్న ఏజెంటైతే 30,000, దాని మీద జీఎస్టీ, మొత్తం 35,400కు మించి ఫీజు తీసుకోకూడదని చెప్పాను. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో ఇప్పుడే చూద్దాం రా అని కుర్చీ జరిపాను.

"మా బామ్మర్దిని గూడ ఆయనే పంపిండన్నా, నీకెందుకు?" అని కాగితాలు తీసేసుకున్నాడు.

ప్రింట్లు పక్క షాపులో తీయించుకున్నాడు.