అక్క గేటు దాకా నడవడానికి మూడు వారాలు పట్టింది

అక్కకి రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అంతా అయిపోయి, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ దాటుకుని ఇంటికొచ్చాక మేమంతా కలిసి చేసిన మొదటి పని ఆమెని మంచం దిగనివ్వకపోవడం. పూచికపుల్ల ఎత్తనిచ్చేవాళ్లం కాదు. నీళ్ల కోసం లేచినా ఎవరో ఒకరం పరుగెత్తుకొచ్చి "నువ్వు కూర్చో, నేను తెస్తా" అనేవాళ్లం. ప్రేమతోనే చేశాం. కానీ రెండు నెలలు అలా గడిచేసరికి అక్క పది మెట్లు ఎక్కలేకపోయింది. అందులో కొంత కీమో వల్ల, కొంత మా వల్ల. ఇది రాయడానికి ఇప్పటికీ మనసు ఒప్పట్లేదు, అయినా ఇంట్లో ఇలాంటి మనిషిని కాపాడుకుంటున్నవాళ్లు ఎవరైనా చదువుతారని రాస్తున్నా.

మామూలు అలసట అయితే పడుకుంటే పోతుంది. ఇది అలా పోదు. రాత్రంతా నిద్రపోయి లేచినా ఒంట్లో ఓపిక ఉండదు, పడుకునే కొద్దీ కండ కరిగిపోతుంది, కండ తగ్గే కొద్దీ చిన్న పనికే ఆయాసం వస్తుంది, ఆయాసం వచ్చిందని మళ్లీ పడుకుంటారు. ఈ నీరసానికి బాగా పనిచేసేవాటిలో కదలడం ఒకటని డాక్టరమ్మ చెప్పినప్పుడు అక్క ఆమె ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. నిలబడే ఓపిక లేని మనిషికి ఆ మాట ఎలా ఎక్కుతుంది? కానీ నిజం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అనే సంస్థ పిలిచిన నిపుణులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి 2019లో ప్రచురించిన సలహా ఇదే: వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున, ఓ మోస్తరు వ్యాయామం రెండు మూడు నెలలు చేస్తే అలసట, ఆందోళన, దిగులు తగ్గుతాయి. దానికి వారానికి రెండు రోజులు కండరాల బలం కోసం చేసేవి కలిపినా మంచిదే. ఓ మోస్తరు అంటే ఎంత అని లెక్కలు వేసుకోనక్కర్లేదు, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంతే.

అరగంట అన్నది చివరికి చేరాల్సిన చోటు. మేము మొదలుపెట్టింది హాల్లో నాలుగు నిమిషాలతో.

అక్కకి అసలు భయం చెయ్యి గురించి. చంకలో లింఫ్ గ్రంథులు తీశారు కాబట్టి ఆ చేత్తో బరువు ఎత్తితే వాచిపోతుందని ఎవరో చెప్పారు, దాంతో ఆ చేతిని ఒంటికి అదిమిపెట్టుకునే తిరిగేది, భుజం బిగుసుకుపోయింది. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఇదే చెప్పేవారు. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే డాక్టర్ ఇది నిజమో కాదో తేల్చుకుందామని రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ 24 మంది ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి డ్రాగన్ బోట్ (చాలామంది కలిసి తెడ్లు వేసే పొడవాటి పందెం పడవ) తెడ్లు చేతికిచ్చారు. తెడ్డు వేయడమంటే పనంతా చేతులదే, భుజాలదే. భయపడినట్టు చేతులు వాయలేదు. తర్వాత 2009లో వచ్చిన ఇంకో అధ్యయనంలో అప్పటికే చెయ్యి వాపు ఉన్న 141 మంది మీద చూశారు. బరువులెత్తినవాళ్లకి ఏడాది పాటు వారానికి రెండుసార్లు అదే పని. చెయ్యి చుట్టూ బిగుతుగా ఉండే స్లీవ్ తొడిగి, చాలా తేలికైన బరువుతో మొదలుపెట్టి, దగ్గరుండి నేర్పించారు. వాళ్లకి వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ముదరడం తగ్గింది.

ఇదంతా అక్కకి చదివి వినిపించాను. తల ఊపింది కానీ చెయ్యి మాత్రం లేపలేదు.

ఆమె చెయ్యి లేపింది పెన్సిల్ గీత చూసి. ఫిజియోథెరపిస్టు గోడకి ఎదురుగా నిలబెట్టి, వేళ్లతో గోడ మీద పైకి పాకించమన్నారు, సాలీడు ఎక్కినట్టు, నొప్పి మొదలయ్యే చోట ఆగిపోమన్నారు. ఆగిన చోట నేను గీత పెట్టాను. గడ్డం ఎత్తు కూడా రాలేదు. మర్నాడు గీత అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. నాలుగో రోజు ఒక వేలెడు పైన పడింది. అక్క వెనక్కి జరిగి రెండు గీతల మధ్య దూరాన్ని వేలితో కొలుచుకుంది. ఆ సాయంత్రం "పద, బయటికి వెళ్దాం" అన్నది తనే.

గేటు ముప్పై అడుగుల దూరం కూడా ఉండదు. దారిలో ఒకరోజు చెప్పు ఊడి వెనకాలే ఉండిపోతే ఆమెకి తెలియలేదు, కీమో వల్ల కాలివేళ్లు అంతగా మొద్దుబారాయి. అప్పుడు చెప్పులు మానేసి మడమ పట్టి ఉంచే బూట్లు కొన్నాం, ఎత్తుపల్లాలు లేని దారే పట్టాం. ఇలాంటివి డాక్టర్‌ని ముందే అడగండి. జ్వరం ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా ఆ రోజు వద్దు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకినవాళ్లకి, గుండె మీద మందుల ప్రభావం పడినవాళ్లకి ఏది చేయొచ్చో వాళ్ల డాక్టరే చెప్పాలి.

2025లో పెద్దపేగు క్యాన్సర్ మీద ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి, అప్పటి నుంచి నాకు అది మనసులోంచి పోవట్లేదు. ఆపరేషన్, కీమో అయిన 889 మంది, ఎక్కువమంది కెనడా, ఆస్ట్రేలియా వాళ్లు. అందరికీ ఆరోగ్యం గురించిన పుస్తకాలిచ్చారు. సగం మందికి వాటితో పాటు ఒక మనిషిని కూడా ఇచ్చారు, మూడేళ్ల పాటు క్రమం తప్పకుండా కలిసి, వ్యాయామం ఎంత చేశావు, ఎక్కడ ఆగిపోయావు అని అడిగి, కొన్నిసార్లు కూడా ఉండి చేయించే మనిషి. ఎనిమిదేళ్లకి ఆ సగంలో నూటికి 90 మంది బతికున్నారు, పుస్తకాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 83 మంది. ఈ లెక్క పెద్దపేగు క్యాన్సర్‌ది, అన్నిటికీ అంటగట్టకూడదు. కానీ వ్యాయామం మంచిదన్న మాట రెండు వైపులా అందింది కదా. ఇంట్లో ఉన్న మనం పక్కనుండి చేయించే ఆ మనిషిమి కాగలం అనిపిస్తుంది నాకు.

అందుకే "రోజూ నడువు, మంచిది" అని ఫోన్లో చెప్పి పెట్టేయకండి. "నువ్వు ఫైటర్‌వి" అని కూడా అనకండి, అక్కకి ఆ మాట వింటే ఏడుపొచ్చేది, ఓపిక లేని రోజున తను ఓడిపోయినట్టు అనిపించేదట. వెళ్లి పక్కన నడవండి. ఇంతకుముందు ఏమిష్టమో అడగండి, డాన్సో, మొక్కలో, ఈతో. ఒకరోజు మానేస్తే లెక్క అడగకండి, మర్నాడు అదే టైంకి మళ్లీ రండి. మేము చాలా రోజులు మానేశాం కూడా.

ఇప్పుడు పొద్దున్నే నలభై నిమిషాలు నడుస్తున్నాం. కాళ్లకీ చేతులకీ వేళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు, బూట్ల లేసులు కట్టుకోవడానికి అక్కకి ఇంకా చాలాసేపు పడుతుంది. నేను వంగి కట్టను. తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉంటా.