లియోన్ బుషోన్‌లో భోజనం: ఏం అడగాలి, ఎలా తినాలి

ఫ్రాన్స్‌లోని లియోన్ పాతబస్తీలో అడుగడుగునా 'బుషోన్' అన్న బోర్డులే. బుషోన్ అంటే ఆ ఊరి సంప్రదాయ వంటలు పెట్టే చిన్న భోజనశాల. బోర్డు ఎవరైనా తగిలించుకుంటారు. తలుపు దగ్గర 'లే బుషోన్ లియోనే' ముద్ర ఉందేమో చూడండి. 2012లో అక్కడి వాణిజ్య మండలి తెచ్చిన గుర్తింపు అది. మెనూలో వంటకం పక్కన, గిన్నె మీద ఇంటి పైకప్పు పెట్టిన బొమ్మ ఉంటే దాన్ని అక్కడే వండారన్నమాట. నాలుగు భాషల్లో, ఫొటోలతో మెనూ కనిపిస్తే మాత్రం ఆగకుండా నడవండి.

మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు, రాత్రి ఏడూ ఏడున్నర నుంచి పెడతారు. రెండు దాటాక బతిమాలినా వంటగది తెరవరు. ఆదివారం చాలా చోట్ల సెలవు. చిన్న గదులు, ఇరుకు బల్లలు కాబట్టి రాత్రి భోజనానికి ముందుగానే ఫోన్ చేసి చోటు ఖాయం చేసుకోండి. లోపలికి వెళ్తూనే 'బోంజూర్' అనాలి, కుర్చీ చూపించేదాకా నిలబడాలి. ఈ రెండూ మరిచిపోతే భోజనం అయ్యేదాకా మర్యాద తక్కువే.

ఇది పట్టు నేతగాళ్లు, కూలీలు తిన్న తిండి. అందుకే పేగులు, పొట్ట, కాలేయం, పంది కొవ్వు ఏదీ వదలరు. ఆందుయెట్ అంటే పేగుల్లో పేగులు కూరిన సాసేజి. కోయగానే వాసన గుప్పుమంటుంది. బోటి కూర ఇష్టంగా తినేవాళ్లకు అది కొత్తేమీ కాదు, మిగతావాళ్లు మొదటిసారికి వదిలేయడం మంచిది. తబ్లియే ద సాపర్ గొడ్డు పొట్ట: వైట్ వైన్‌లో నానబెట్టి, రొట్టె పొడి అద్ది వేయిస్తారు. బీఫ్ తినని వాళ్లు పేరు చూసి పొరబడతారు.

మొదటిసారికి నా ఓటు కెనెల్‌కే. ముళ్లెక్కువ ఉండే పైక్ చేప మాంసాన్ని నూరి, జల్లించి, పాలతో ఉడికించిన పిండి, గుడ్లు, వెన్న కలిపి, వేడి నీళ్లలో ఉడికించి, రొయ్యలా కనిపించే క్రేఫిష్‌తో చేసిన నాంత్యువా సాస్‌లో ఓవెన్‌లో పెడతారు. అది పొంగి లేస్తుంది. ఓవెన్ దిగాక కాసేపు ఆగినా కూలబడి బరువెక్కుతుంది కాబట్టి ఫొటోలు తర్వాత, ముందు తినండి. పక్కన తరచుగా అన్నం పెడతారు. పాత పద్ధతిలో కెనెల్ పిండిలో గొడ్డు కొవ్వు కూడా కలుపుతారు. పట్టింపు ఉంటే అడిగి తీరాలి.

శాకాహారులకు దారి ఇరుకు. లియోన్ సలాడ్‌ని 'సాఁ లార్దోఁ' అని అడిగితే పంది ముక్కలు లేకుండా, ఆకుకూర మీద నీళ్లలో ఉడికించిన గుడ్డు వస్తుంది. సెర్వెల్ ద కానూ అన్న పేరులో 'మెదడు' ఉన్నా పళ్లెంలో ఉండేది ఉల్లికాడలు, వెల్లుల్లి కలిపిన మెత్తటి తాజా చీజే. ఆలుగడ్డ గ్రాతాఁ (ఓవెన్‌లో కాల్చిన ఆలుగడ్డ ముక్కలు) ఉంటే అదీ తెప్పించుకోండి. గుడ్డు కూడా తినని వాళ్లను మాత్రం నేను బుషోన్‌కి పంపను.

ముందు వంటకం, అసలు వంటకం, చీజ్ లేదా తీపి, అన్నీ కలిపి ఒకే ధరకు ఇచ్చే మెనూ చవక పడుతుంది, కానీ పొట్టకు బరువు. ఇద్దరు వెళ్తే ఒకరు మెనూ, ఇంకొకరు ఒక్క వంటకం తీసుకోండి. తీపిలో ఎర్రటి చక్కెర పూసిన బాదంతో చేసే ప్రాలీన్ తార్త్ వదలొద్దు.

వైన్ 'పో' అనే మందపాటి అడుగు సీసాలో వస్తుంది, 46 సెంటీలీటర్లు. ఇద్దరికి ఒకటి చాలు, బోజొలే అనే రెడ్ వైన్ అడగండి. నీళ్లకు 'ఉన్ కరాఫ్ దో' అనండి, డబ్బులుండవు. ఉత్తినే 'వాటర్' అంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. రొట్టె కూడా ఉచితమే, దాన్ని నేరుగా బల్ల గుడ్డ మీదే పెట్టుకుంటారు. కాఫీ తీపి తిన్నాకే వస్తుంది, అదీ పాలు లేకుండా.

బిల్లు మీరు అడిగేదాకా తేరు. 'లాదిసియోఁ, సిల్ వు ప్లే' అనాలి. సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి వడ్డన బాగుందనిపిస్తే రెండు మూడు యూరోలు బల్ల మీద వదిలితే చాలు.